పేరు లేని పొడి

మా కెమిస్ట్రీ సార్ పోయారు. ఖేడ్ బస్టాండులో పూలమ్మే ఆమె చెబితే ముందు నమ్మలేదు. నమ్మాక ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఈ నాలుగు మాటలూ ఆ కోపంతోనే రాస్తున్నాను.

జూనియర్ కాలేజీలో కర్బన సమ్మేళనాలకు పేర్లు పెట్టడం ఆయనే నేర్పారు. "ముందుగాల పొడుగు గొలుసు చూడుండ్రి. కొమ్మలు తర్వాత" అనేవారు. ఒక పేరు చెప్పి, నిర్మాణం గీయమని సుద్దముక్క చేతిలో పెట్టేవారు. "పేరు ఇంటే బొమ్మ రావాలె. రాకుంటే అది పేరు గాదు, ఒట్టి కూత." సరిహద్దులో ఉన్న నాగల్‌గిద్ద నుంచి వచ్చే పిల్లలను కన్నడంలో కూడా తిట్టేవారు.

ప్రాక్టికల్స్‌లో ఒకసారి చక్కెర పరీక్ష చేయించారు. నీలం ద్రావణంలో మూత్రం చుక్కలు వేసి వేడి చేస్తే ఇటుక రంగు తేలింది, అంటే చక్కెర బాగా ఉన్నట్టు. "ఎవరిది సార్?" అంటే, "ఒక రైతుది" అన్నారు. మేం ముక్కులు మూసుకుని ఒకటే నవ్వు.

ఆ ఏడే మా అమ్మ షుగర్ సూది వద్దని మొండికేసింది. సార్ మా ఇంటికొచ్చి చెప్పారు. "అక్కా, ఇన్సులిన్ ప్రోటీన్. నోట్లేసుకుంటే కడుపు దాన్ని పప్పు లెక్క అరిగిస్తది. గందుకే సూది." అమ్మకు ప్రోటీన్ తెలియదు, పప్పు తెలుసు. అప్పటి నుంచి ఒక్క పూట మానలేదు.

మొన్న పలకరించడానికి వెళ్తే సార్ భార్య ఒక పొట్లం చూపించింది. సంతలో కొన్న పొడి. పొట్లం మీద ఏ పేరూ లేదు.

"మూడు నెలల సంది సూది బంద్ జేసి గిది తాగిండు బిడ్డా. సూది ఏసుకుంటే కాలేజ్ల పిల్లలు చూస్తరని షరం. సార్‌కే రోగమా అని నవ్వుతరట."

ఆ రైతు ఎవరో నాకప్పుడు తెలిసింది. చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు. ఆ సామెత ఈయనకు వాడాల్సి వస్తుందని ఏనాడూ అనుకోలేదు. పేరు లేనిదాన్ని బోర్డు మీదికే రానివ్వని మనిషి దాన్ని గొంతులో ఎలా పోసుకున్నారు? మా నవ్వుకు అంత భయపడాలా? ఆ రోజు నవ్విన నా మీద కూడా నాకు కోపంగానే ఉంది.

ఇంటికొచ్చి అమ్మకు చెప్పడం నా బుద్ధితక్కువ.

"అంత సదువుకున్న సారే బంద్ జేసిండట. ఇగ నాకెందుకే సూది?"

"బంద్ జేసినందుకే పోయిండమ్మా!" అని అరిచాను.

అమ్మ ముందున్న జొన్నరొట్టె చల్లారిపోతోంది. నేను మందు ఎక్కించిన సూది పట్టుకుని ఎదురుగా నిలబడ్డాను. అమ్మ రోజూ సూది వేయించుకునే పొట్ట మీద కొంగు కప్పుకుని, దాన్ని రెండు చేతులతో అదిమి పట్టుకుని కూర్చుంది.