ఆండాలమ్మ వాకిట్లో లెక్కల ముగ్గు

ఫలక్‌నుమా స్టేషన్ వెనక గల్లీలో ఆండాలమ్మ నోటికి కుక్కలు కూడా దారి ఇస్తాయి. పక్క వీధిలోని ప్రైవేటు బడిలో ఆమె ఆయమ్మ. పద్దెనిమిదేళ్లుగా ఆ గదులు ఊడ్చింది, ఆ బోర్డులు తుడిచింది. అన్ని బోర్డులు తుడిచినా ఒక్క అక్షరం కూడా చేతికంటలేదు. అంకెలు మాత్రం వచ్చు, బస్సు నంబర్ల పుణ్యాన.

మనుమరాలు స్వీటీ అదే బడిలో పదో తరగతి. మిగతావన్నీ బాగానే చదువుతుంది, లెక్కల దగ్గరే బండి ఆగింది. తప్పు పిల్లది కాదు. లెక్కల కైలాసం సారు పగలు క్లాసులో సగం లెక్క చేసి, సుద్దముక్క కింద పెట్టి, "మిగిలింది ట్యూషన్ల జూద్దాం" అనేవాడు. సాయంత్రం అదే గదిలో, అదే బోర్డు మీద, పైసలు కట్టినవాళ్లకు మిగతా సగం చెప్పేవాడు. అన్నం సగం ఉడికించి, పూర్తిగా ఉడకాలంటే గ్యాసుకు వేరే ఇయ్యమన్నట్టు! కట్టనివాళ్లు మెల్లగా వెనక బెంచీలకు జరిగిపోయారు. స్వీటీ కూడా జరిగింది.

ప్రీఫైనల్‌లో లెక్కలు తప్పినవాళ్లకు హాల్‌టికెట్ ఇయ్యనని హెడ్మాస్టర్ చెప్పిన రోజు, స్వీటీ అన్నం ముందు కూర్చుని ఏడ్చింది.

"సగం వరకు సమజైతది బాపమ్మా. ఆడికెల్లి అంతా చీకటే."

"ఏడ్వకు. ఏడిస్తే లెక్కలొస్తయా? ఒస్తె నేను గూడ ఏడుస్త" అంది ఆండాలమ్మ. కానీ తన కంచం కూడా పక్కకు జరిపింది.

మిగతా సగం లెక్క రోజూ సాయంత్రం ఆమె తుడిచే బోర్డు మీదే ఉంటుంది. పొద్దున స్వీటీ చూసుకునేలా తుడవకుండా వదిలేద్దామంటే కుదరదు. ఆమె తుడిచి తాళం వేసేదాకా సారు గుమ్మంలోంచి కదలడు. ఫోటో తీద్దామంటే ఆమెది బటన్ల ఫోను. ఇక మిగిలింది కళ్లు, వేళ్లు. చిన్నప్పటి నుంచీ ముగ్గులు వేసిన చెయ్యి అది. ఒక్కసారి చూస్తే చాలు, ఇరవై ఒక్క చుక్కల ముగ్గైనా ఇంటికొచ్చి వేసేది. ఈ గుండ్రాలూ గీతలూ ఒక లెక్కా?

ఆ రోజు నుంచి బోర్డును మెల్లగా, మూల తర్వాత మూల తుడిచింది. తెల్లవారి వాకిట్లో పేడనీళ్ల సాన్పు చల్లి, పద్మం బదులు సారు బోర్డు మీద గీసిన బొమ్మ దించింది, అంకెలతో సహా. స్వీటీ నోటుబుక్కు పట్టుకుని గడప మీద కూర్చునేది. నాలుగు రోజులు లెక్కలు చక్కగా వచ్చాయి.

నల్లా దగ్గరికి బిందెతో పోతూ పక్కింటి నీలమ్మ ఆగింది.

"ఏంది వదినా, పద్మాలు వోయి పరీక్ష పేపర్లొచ్చినయి?"

"నీ వాకిట్ల ఏసిన్నా? నీళ్లు బందైతయి, నడువు!"

ఐదో రోజు లెక్క మొండికేసింది. ఒక గుండ్రం, నడుమ నుంచి అంచుదాకా ఐదు. బయట ఒక చుక్క, నడుమ నుంచి దానికి పదమూడు. ఆ చుక్క నుంచి గుండ్రం మీదికి ఒక గీత. దాని పొడుగెంత? స్వీటీ రాసింది, కొట్టేసింది, మళ్లీ రాసింది.

"బాపమ్మా, సరిగ్గ జూసినవా?"

"నా కండ్లకేమన్న పువ్వేసిందా? ఉన్నదున్నట్టు ఏసిన!"

అప్పుడే గల్లీలో బండి చప్పుడైంది. మెయిన్ రోడ్డు తవ్విపోశారని, సైదాబాద్ నుంచి వచ్చే కైలాసం సారు ఈ దారి పట్టాడు. వాకిలి ముందు బండి ఆగింది. తాను గీసిన బొమ్మను గుర్తుపట్టనివాడు ఉంటాడా?

ఆండాలమ్మ ముగ్గు గిన్నెను కొంగు చాటుకు లాక్కుంది. పద్దెనిమిదేళ్ల నౌకరి పోయినట్టే. పిల్ల హాల్‌టికెట్ కూడా పోయినట్టే.

సారు బండి దిగి, ముగ్గు తొక్కకుండా చుట్టూ తిరిగి చూశాడు.

"ఈ గీత గుండ్రం లోపటికి ఎందుకు వోయింది ఆండాలమ్మా? అంచును తాకి బయటికి వోవాలె గద."

"తాకి ఊకె గాల్లకు వోయింది సారూ" అంది ఆమె గొణుగుతూ. "కొస కలవని గీత వాకిట్ల ఉంటే ఇంటికి మంచిది గాదు. అందుకే లోపటికి ఒంచి కలిపిన."

సారు గొంతుక్కూర్చుని, ఆమె కలిపిన ముక్కను వేలితో చెరిపేశాడు.

"పన్నెండు!" అని అరిచింది స్వీటీ. "తాకిన కాడ తొంభై డిగ్రీలుంది సార్! పన్నెండే!"

సారు వేలు దులుపుకుని బండెక్కి పోయాడు. ఆ రోజంతా ఆండాలమ్మ బడిలో ఊడ్చిన చోటే ఊడ్చింది. ఎవరు పిలిచినా పనిలోంచి తీసేసే పిలుపే అనుకుంది.

సాయంత్రం ట్యూషన్ అయ్యాక తడిగుడ్డతో బోర్డు దగ్గరికి పోతే, సారు చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఇయ్యాల్టి నుంచి పొద్దుగాల తుడువు. ఎనిమిదికే గది తెరువు. ఎనక బెంచోళ్లు రాసుకుంటరు."

ఆండాలమ్మ గుండెల మీది బండ దిగింది. బండ దిగగానే నోరు లేచింది.

"గదే లెక్క పొద్దుగాల క్లాసుల నిండ జెప్తే నాకు ముగ్గు పిండి మిగుల్తది గద సారూ!"

"బడి ఇచ్చే జీతం కిరాయికి గూడ సరిపోదు ఆండాలమ్మా" అన్నాడాయన, ఎటో చూస్తూ.

ఆ మాట కాదనలేక ఆమె తడిగుడ్డ మడిచింది. ఆమె జీతం కూడా ఆ బడి ఇచ్చేదే కదా.

మర్నాటి నుంచి ఎనిమిదికి ముందే గది ముందు చెప్పులు నిండాయి. ప్రీఫైనల్‌లో స్వీటీ ఫస్టు రాలేదు, మంచి మార్కులతో గట్టెక్కింది. ఆమెతో పాటు వెనక బెంచీ మొత్తం గట్టెక్కింది. హాల్‌టికెట్ తెచ్చి బాపమ్మ ఒళ్లో పెట్టిన రోజు, ఆమె దాని మీది నంబరు ఒక్కో అంకె చదువుకుంటూ చాలాసేపు చూసింది.

తెల్లారి వాకిట్లో మళ్లీ పద్మం వేసింది. స్వీటీ గడప మీద కూర్చుని నవ్వింది.

"ఇగ కొసలు కలుపుకో బాపమ్మా, ఎన్ని కలుపుకుంటవో!"

ఆండాలమ్మ ఒక్క కొస కూడా వదలకుండా అన్నీ కలిపింది.