పుట్టి ఒక బస్సులో, నేనొక బస్సులో

నేనొకసారి ఒక పిల్లను పోగొట్టాను. నా పిల్ల కాదు, మా ఇంటావిడ మనవరాలు. నా పిల్లే అయితే గుండెలు బాదుకుని, ఇంట్లోవాళ్ళ చేత నాలుగు చీవాట్లు తిని ఊరుకునేదాన్ని. పరాయివాళ్ళ పిల్లను పోగొట్టినవాళ్ళకు ఏడ్చే హక్కు కూడా ఉండదు. అందులోనూ అద్దె ఇల్లు. ముందే చెప్పేస్తున్నాను, ఆ రోజు నేను చేసిన తెలివైన పని ఒక్కటీ లేదు. ఎక్కడైనా ఉందేమోనని చివరిదాకా వెతక్కండి.

తొంభైల్లో సంగతి. ఒంగోలు నుంచి టీచరు ఉద్యోగానికని బెంగళూరు వచ్చాను. ఉద్యోగం దొడ్డబళ్ళాపురంలో, కాపురం కాటన్‌పేటలో. కాటన్‌పేట నుంచి మెజెస్టిక్ బస్టాండుకు నడిచి పోవచ్చు. పొద్దున్నే అక్కడ బస్సెక్కడం, సాయంత్రం నలిగిన చీరతో తిరిగి రావడం. రెండేళ్ళయ్యేసరికి పిల్లలకు పాఠం చెప్పడం వచ్చిందో లేదో గాని, బస్సెక్కడంలో నా అంతటిది లేదనే నమ్మకం మాత్రం గట్టిగా కుదిరింది.

ఆ రద్దీలో సీటు దొరకాలంటే ఒకటే ఉపాయం. తలుపు దగ్గర కుస్తీ పట్టేలోపు, కిటికీలోంచి లోపలికి ఏదో ఒకటి వేసి సీటు ఆపుకోవాలి. పిల్లలు లేనివాళ్ళు చేతిరుమాలు వేస్తారు. ఉన్నవాళ్ళు పిల్లనే వేస్తారు. రుమాలైతే ఎవరైనా తీసి పక్కన పెట్టి కూర్చుంటారు గాని, కాళ్ళు చాపుకుని పడుకున్న పిల్లను తీసి పక్కన పెట్టే ధైర్యం ఎవరికుంటుంది? నాకు రోజూ వాళ్ళను చూస్తే ఈర్ష్యగా ఉండేది. దేవుడు నాకూ ఒక రోజు ఒక పిల్లనిచ్చాడు.

మా ఇంటావిడ రత్నమ్మగారు. తాతల కాలం నుంచి కాటన్‌పేటలో స్థిరపడిన తెలుగువాళ్ళు. ఆమె కూతురు మంజులను దొడ్డబళ్ళాపురంలో పట్టు మగ్గాలున్న ఇంటికిచ్చారు. ఆ మంజుల కూతురే పుట్టి. అసలు పేరు వేరే ఏదో ఉంది గాని వీధిలో ఎవరికీ తెలియదు. ఆరేళ్ళది. ఎండాకాలం సెలవులకు అమ్మమ్మ ఇంటికొచ్చింది. సెలవులైపోయాయి.

"మా ఆయనకు కాళ్ళు వాచి ఉండాయి. అల్లుడు మగ్గం ఇడిసి రాలేడంట. బిడ్డను ఎట్ల పంపేది కరుణమ్మా?" అన్నారు రత్నమ్మగారు.

"నేను రోజూ పోయేదే కదండీ. తీసుకెళ్ళి మంజులగారి చేతిలో పెడతాను."

"రష్షులో చెయ్యి ఇడస్తావేమోనప్పా."

"అయ్యో, నేనా!"

ఆ 'నేనా'ను ఇప్పుడు తలుచుకుంటే నా నోటి మీద నేనే కొట్టుకోవాలనిపిస్తుంది.

మర్నాడు మెజెస్టిక్‌లో రెండు బస్సులు పక్కపక్కనే ఆగి ఉన్నాయి. వాటి మధ్య మనిషి పక్కకు తిరిగి నడిచేంత సందు. ఆ సందులో ఊరంతా ఉంది. తాను దూర సందు లేదు, మెడకో డోలు అన్నట్టు నా మెడకు హ్యాండుబ్యాగు, చేతిలో పుట్టి.

"మిస్సూ, మన బస్సు యాదో నీకు తెల్సా?" అంది పుట్టి.

"నాకా? తెలియదా?"

ఎడమ వైపు బస్సు బోర్డు చూశాను. దొడ్డబళ్ళాపురమే. న్యాయంగా చెప్పాలంటే అంతవరకు తప్పు లేదు. కిటికీ దగ్గర ఒక ముసలాయన కనిపించాడు. "తాతా, కాస్త అందుకోండి" అని పుట్టిని ఎత్తి కిటికీలోంచి లోపలికి పంపాను. పొయ్యిలో కట్టె పోయినట్టు నున్నగా పోయింది.

"పుట్టీ, కాళ్ళు చాపుకో! ఎవరొచ్చినా లేవకు! నేను వచ్చేస్తున్నా!"

గెలిచినదానిలా వెనక్కి తిరిగాను. ఎదురుగా తలుపు. తలుపు కనిపిస్తే ఎక్కడం రెండేళ్ళ అలవాటు. వెనక నుంచి జనం ఒక్క తోపు తోశారు. కాళ్ళు నేలకు ఆనకుండానే లోపలున్నాను.

మీకు అర్థమైపోయింది కదూ? నాకింకా కాలేదు. పిల్లనెక్కించింది ఎడమ బస్సు. ఆ సందులోకి తలుపున్నది కుడి బస్సుకి.

లోపల ఊపిరి ఆడే చోటు లేదు. నా ముఖం ఎవరిదో కొత్తిమీర మూటలో కూరుకుపోయింది. బస్సు కదిలింది. ఆ మూటలోంచే అరిచాను.

"పుట్టీ! సీటు పట్టావా?"

"ఊఁ!" అని ముందు నుంచి చిన్న గొంతు పలికింది.

"అక్కడే ఉండు, కదలకు!"

"ఊఁ!"

ఎంత బుద్ధిమంతురాలో అని మురిసిపోయాను. కండక్టరు వెనక తలుపు దగ్గరే ఇరుక్కుపోయాడు. నేను డబ్బు చేతులు మార్చి పంపిస్తూ, "దొడ్డబళ్ళాపుర ఒకటి, ఒక హాఫు" అని అరిచాను. సరిగ్గా అప్పుడే ఒకాయన దగ్గాడు. 'దొడ్డ' ఆ దగ్గులో కొట్టుకుపోయింది. 'బళ్ళాపుర' మాత్రం క్షేమంగా కండక్టరును చేరింది. టికెట్లు చేతులు మారుతూ వచ్చాయి. హెబ్బాళ దాటేదాకా రెండు బస్సులదీ ఒకటే దారి. ఆ తర్వాత దారి మారినా నాకు కనిపించేది కొత్తిమీరే.

చాలా దూరం పోయాక బస్సు ఒక చోట ఆగి సగం ఖాళీ అయింది. కొత్తిమీర దిగిపోయింది. తల ఎత్తితే కిటికీలోంచి కోటగోడ కనిపించింది. దొడ్డబళ్ళాపురం దారిలో నేను ఏనాడూ చూడని గోడ. రాత్రికి రాత్రి కట్టారా అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను.

"పుట్టీ!" అంటూ ముందుకు పోయాను.

"ఊఁ!" అంటూ ఒక పిల్ల తల తిప్పింది. నున్నటి గుండు, ముక్కు కారుతోంది, చేతిలో బిస్కెట్టు.

కన్నడ దేశంలో చిన్నపిల్ల ప్రతిదీ పుట్టే అని నాకప్పుడే తెలిసొచ్చింది.

"నా పుట్టి ఏది?" అన్నాను ఆ పిల్ల భుజం పట్టుకుని. వాళ్ళమ్మ పిల్లను లాక్కుని గుండెకు అదుముకుంది. "నన్ పుట్టి రీ ఇదు!" అని కేక పెట్టింది. బస్సంతా నావైపు తిరిగింది. పిల్లల్ని ఎత్తుకుపోయేదాన్ని చూసే చూపు ఎలా ఉంటుందో ఆ రోజే చూశాను. ఒకాయన చొక్కా చేతులు మడవడం మొదలుపెట్టాడు.

కండక్టరు వచ్చాడు. టికెట్లు చూపించి, "దొడ్డబళ్ళాపురం" అన్నాను.

"దొడ్డబళ్ళాపురనా? ఇదు చిక్కబళ్ళాపుర బస్సు రీ! ఇది దేవనహళ్ళి!"

కాళ్ళ కింద బస్సు లేదనిపించింది. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టని సామెత. నేను ఊరంతటినీ చంకలో పెట్టుకుని వచ్చాను, పిల్ల మాత్రం లేదు. ఆరేళ్ళ పిల్ల. ఒంటరిగా. ఎవరొచ్చినా లేవకు అని నేనే చెప్పాను. చెప్పిన మాట వినే పిల్ల. ఆ బస్సు దొడ్డబళ్ళాపురంతో ఆగదు, గౌరీబిదనూరు దాకా పోతుంది. లేవకపోతే?

దిగి రోడ్డు మీద నిలబడ్డాను. దొడ్డబళ్ళాపురం వైపు బస్సు కనుచూపు మేరలో లేదు. ఒంగోలులో ఆదివారం బడి పిల్లలకు తప్పిపోయిన గొర్రె కథ ఎన్నిసార్లు చెప్పానో! ఆ కాపరి ఒక్క గొర్రె కోసం మందనంతా వదిలి పోయాడు. నేను ఒక్క గొర్రెను వదిలేసి మందతోపాటు బస్సెక్కాను. ఏ ముఖంతో ప్రార్థన చేయను? అయినా చేశాను, రెండు చేతులూ అడ్డంగా చాపి రోడ్డు మధ్యలో నిలబడి. ప్రార్థన ఆలకించబడింది. ఒక టెంపో కీచుమంటూ ఆగింది. వెనక పట్టుగూళ్ళ బుట్టలు, ముందు మీసాల డ్రైవరు.

"సచ్చేదానికి నా బండే దొరికెనా అమ్మా?"

అటువైపు తెలుగు మాట్లాడేవాళ్ళు ఎక్కువ. ఆ తిట్టు తెలుగులో వినపడగానే నాకు ఏడుపు ముంచుకొచ్చింది.

"దొడ్డబళ్ళాపురం పోవాలి. పిల్ల బస్సులో వెళ్ళిపోయింది."

"వాళ్ళ నాయనతోనా?"

"ఒక్కతే."

"ఒక్కతే బస్సెక్కెనా?"

"నేనే ఎక్కించాను. కిటికీలోంచి."

అతను నా ముఖంలోకి చూశాడు. మీసం ఒక్కసారి వణికింది, నవ్వుకో కోపానికో తెలియలేదు.

"ఎంత బిడ్డ?"

"ఆరేళ్ళు."

"ఎక్కు. నాకూ ఆ ఈడుది ఒకటి ఉండాది" అన్నాడు. దారంతా బండి గుంతల్లో ఎగిరి ఎగిరి పడింది. ఎదురుగా వచ్చిన ప్రతి బస్సు కిటికీలోనూ పుట్టి రెండు జడల కోసం వెతికాను.

దొడ్డబళ్ళాపురం బస్టాండు చేరేసరికి మా బస్సు, అంటే నేను ఎక్కని నా బస్సు, గౌరీబిదనూరుకు కదులుతోంది. టెంపో ఇంకా ఆగకముందే దూకి, పరిగెత్తి, కిటికీ పట్టుకున్నాను. పుట్టి పడుకోవలసిన సీట్లో ఒక బస్తా ఉంది. పక్కన దాని యజమాని.

"పాప! ఇక్కడ ఒక పాప!"

"యావ పాప?" అన్నాడు కండక్టరు. "నేను ఇప్పుడే డ్యూటీకి ఎక్కినా అమ్మా. పాతాయన ఇంటికి పొయ్యె."

బస్సు వెళ్ళిపోయింది. నేను దుమ్ములో నిలబడిపోయాను. మంజులగారి ఇల్లు రెండు వీధుల అవతలే. ఖాళీ చేతులతో ఆ గుమ్మం ఎలా ఎక్కను? ముందు రత్నమ్మగారికి చెప్పాలి. ఉన్నదున్నట్టు చెప్పేస్తాను, పోలీసుల దగ్గరికి ఆమే తీసుకుపోతారు అనుకుని ఎస్టీడీ బూత్‌లో దూరాను. అద్దంలో నా ముఖానికి చెప్పుకుని సాధన కూడా చేశాను. 'అమ్మా, ఘోరం జరిగిపోయింది.' బాగానే వచ్చింది.

"ఎవరప్పా?" అన్నారు రత్నమ్మగారు ఫోన్లో.

"నేనండీ, కరుణని."

"ఆఁ, చేరితివా?"

"చేరానండీ." ఇది నిజమే కదా, చేరాను.

"పుట్టి ఏం చేస్తా ఉండాది?"

నా నోరు నన్ను అడగకుండానే తెరుచుకుంది.

"నిద్రపోతోందండీ."

"యాడ?"

"ఇక్కడే, బస్టాండులో. నా ఒళ్ళో."

"పాపం, అలిసిపోయి ఉండాది. ఏమన్నా తినెనా?"

"తిన్నదండీ. ఇడ్లీ."

"ఇడ్లీనా! ఇడ్లీ చూస్తే పారిపోతాదే మా పుట్టి!"

"బతిమాలి తినిపించానండీ. రెండు తిన్నది."

చెమటకు రిసీవరు చేతిలో జారుతోంది.

"మంచిది కరుణమ్మా. నిద్దర లేపొద్దు. ఇంగొక మాట చెప్తా విను. ఇప్పుడే మా మంజుల ఫోన్ చేసె. పుట్టి ఇంట్లో చిత్రాన్నం తింటా ఉండాదంట. మరి నీ ఒళ్ళో నిద్దరపొయ్యేది ఎవరి బిడ్డప్పా?"

బూత్‌లోనే కూలబడి, ఫోను పట్టుకుని పెద్దగా ఏడ్చేశాను. బయట క్యూలో ఉన్నవాళ్ళు ఎవరో పోయారనుకుని తలలు వంచుకున్నారు.

"ఏడవొద్దు, ఏడవొద్దు" అన్నారు రత్నమ్మగారు. "నేను తిట్టేది సాయంత్రం తిడతాలే. ఇప్పుడు యాడికీ కదలొద్దు. ఆడే ఉండు. పుట్టి వచ్చి నిన్ను తీసుకొని పోతాది."

జరిగింది తర్వాత తెలిసింది. బస్సు కదిలాక పుట్టి కాసేపు చూసి, కండక్టరు రాగానే, "మా మిస్సు తప్పిపొయ్యింది" అని ఫిర్యాదు చేసిందట. ఆయన పిల్లను తన పక్కనే కూర్చోబెట్టుకుని, బస్సు అరగంట ఆగే ఆ ఊళ్ళో డ్యూటీ దిగి, మగ్గాల ఇల్లు తెలుసు కనుక తానే నడిపించుకుపోయి అప్పజెప్పాడు. నా ఆనవాళ్ళు కూడా పుట్టి చెప్పిందట. పచ్చచీర, నల్లబ్యాగు, బోర్డు చదవడం రాదు.

పుట్టి వాళ్ళ నాన్న లూనా మీద వచ్చాడు. ముందు నిలబడి పుట్టి. దిగి, నన్ను ఆపాదమస్తకం చూసి, చెయ్యి చాపింది.

"చెయ్యి పట్టుకో మిస్సూ. మళ్ళా తప్పిపోతావు."

పట్టుకున్నాను. వాళ్ళింటి గుమ్మం దాకా వదల్లేదు. నేను వదిలినా ఆమె వదిలేది కాదు.

సాయంత్రం రత్నమ్మగారు మాట ప్రకారం తిట్టారు. అన్నం పెట్టి మరీ తిట్టారు. అంతటితో పోతే బాగుండేది. మర్నాటికి కథ కాటన్‌పేటంతా పాకింది. పాలవాడు, కిరాణా కొట్టాయన, ఆఖరికి మా చర్చి పాస్టరమ్మగారు కూడా, ఎదురైతే నమస్కారం మానేసి, "ఏమ్మా, ఒళ్ళో బిడ్డ నిద్ర లేచిందా?" అని అడగడం మొదలుపెట్టారు. నేను ఆ ఇల్లు ఖాళీ చేసేదాకా ఆ బిడ్డ లేవలేదు.

కాబట్టి మెజెస్టిక్ బస్టాండు సాక్షిగా, రెండు బళ్ళాపురాల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఎప్పుడైనా పిల్లతో బస్సెక్కవలసి వస్తే, ముందు పిల్లనే తలుపులోంచి ఎక్కనిస్తాను. ఆ పిల్ల బోర్డు చదివి, సీటు చూసుకుని, "రా మిస్సూ, ఇదే మన బస్సు" అని పిలిస్తే అప్పుడు ఎక్కుతాను. పిలవకపోతే ఇంటికి పోతాను.