అక్క ఉలవలు, నా వేరుశనగ

గింజల్లోని ప్రొటీన్లను టీకాలో కలిపితే పరాన్నజీవుల జబ్బులను ఒళ్ళు గట్టిగా ఎదుర్కొంటుందేమోనని ఎవరో పరిశోధిస్తున్నారట, మొన్న పేపర్లో చదివాను, చదివి సంతోషించాల్సింది పోయి కడుపు మండిపోయింది. ఈ వయసులో ఇదేం కుళ్ళు అని మీరు నవ్వినా సరే, నా ఈడువాళ్ళకు కాక ఇంకెవరికి చెప్పుకోను?

ఎనభైల మొదట్లో అనంతపురంలో మా పెదనాయన కూతురైన అక్కా నేనూ ఒకే సారు దగ్గర పరిశోధన చేసేవాళ్ళం. చంపిన మలేరియా క్రిములతో చేసిన టీకాలో గింజల ప్రొటీన్ కలిపి ఎలుకలకు వేసి, తర్వాత బతికున్న క్రిములను ఎక్కించి, ఏవి తట్టుకుంటాయో చూడటం మా పని. అక్కకు ఉలవలు, నాకు వేరుశనగ. ఎవరి గింజ గెలిస్తే ఆ పనే ముందుకు సాగుతుందని సారు ముందే చెప్పారు. రూపం, ర్యాంకు, సారు మెప్పు అన్నీ అక్కవే కాబట్టి, ఇదొక్కటైనా నాది కావాలని ఎంత తపించానో చెప్పలేను.

గింజలు రెండూ కుందుర్పి దగ్గరి మా చేలోవే, అమ్మే సంచుల్లో కట్టి బస్సులో పంపింది. అక్క ఎలుకలు చాలావరకు బతికాయి, నావి వరసగా చచ్చిపోయాయి. సెలవులకు ఊరెళ్ళి ఏడుస్తుంటే అమ్మ నా తల నిమిరింది.

"పురుగు పట్టకుండా నీ వేరుశనగ బుడ్డలు పెనం మీద వెచ్చజేసి పంపితినే. పచ్చివి పైత్యం చేస్తాయి, నువ్వు పిడికెడన్నా నోట్లో ఏసుకోకుండా ఉంటావా?"

"మరి అక్క ఉలవలు?"

"ఎద్దులకు పెట్టేవి ఎవురు ఏయిస్తారమ్మా? అట్లే కట్టినా."

బాగా సెగ తగిలితే ఆ ప్రొటీన్ పనికిరాదు. కన్నకూతురికి ప్రేమ చేటు చేసింది, తోడికోడలి కూతురికి ఎద్దుల దాణా కలిసొచ్చింది. అమ్మ ముఖం చూసి ఆ మాట నోటిదాకా వచ్చినా మింగేశాను. సారుకు చెప్పుకున్నాను గానీ, మిగిలిన ఎలుకలన్నీ అప్పటికే అక్క పనికి ఇచ్చేశారు. నేను పామిడిలో బడిపంతులమ్మనయ్యాను.

ఇప్పటి పిల్లలు ప్రొటీన్ బాగుందో లేదో ముందే యంత్రంలో చూసుకుంటారట, అదృష్టవంతులు. తర్వాత దూడలకొచ్చే పరాన్నజీవి జబ్బు మీద చూస్తే అక్క ఉలవలూ పనిచేయక తేలిపోయాయి, ఆ కబురు విన్న రోజు నా కడుపు చల్లబడాల్సింది. లేదు, ఇంకా మండింది. పందెంలో నిలబడి ఓడిపోయే భాగ్యం కూడా ఆమెకే దక్కింది.