మందారం మెడకు నా ముడి

"వేర్లు లేని చెట్టు అంటగట్టినవ్ అవ్వా! ఏడాది గాకముందే వాడిపాయె."

"వేర్లు లేకుంటే ఇన్నొద్దులు ఎట్ల బతికిందే? బకెట్లకొద్ది నీళ్లు గుమ్మరించి మురగబెట్టి, ఇప్పుడు నా మీదికొస్తున్నవా?"

పోయిన వానాకాలం సూరత్‌లో మన తెలుగోళ్లుండే లింబాయత్ బస్తీలో, నా మొక్కల బండి ముందు జరిగిన పంచాయితీ ఇది. వచ్చింది లావణ్య. భర్తది మరమగ్గాల కార్ఖానాలో పని. చేతిలో కుండీ, అందులో వాడిన మందారం. కొనడానికి వచ్చిన ముగ్గురు ఆడవాళ్లు చేతిలోకి తీసుకున్న మొక్కల్ని మళ్లీ బండి మీద పెట్టేశారు. ముప్పై ఏళ్లుగా ఈ గల్లీల్లో మొక్కలమ్మి తెచ్చుకున్న పేరు ఆ పొద్దు పోయేలా ఉంది.

నేను చదివింది మూడో తరగతే. అయినా మొక్క సంగతి చేత్తో తడిమి చెప్పగలను. వేరు నీళ్లు తాగుతుంది, కాండం పైకి మోస్తుంది, ఆకు ఎండలో వంట చేస్తుంది. వండిన తిండి బెరడు వెంట మళ్లీ వేరుదాకా దిగాలి. కుండీ బోర్లించాను. వేర్లు నల్లబడి, పట్టుకుంటే ఊడివచ్చాయి.

"చూడు! నీళ్లెక్కువైనయ్."

"రోజుకు ఒక్క చెంబే పోసిన. మరి గీ బుడిపె ఏంది? ఇది గూడ నీళ్లకేనా?"

మట్టికి జానెడు పైన కాండం వాచిన గొంతులా ఉంది. గోరుతో గీకాను. బెరడు లోపల నీలం పాలిస్టర్ దారం. రెండు చుట్లు, రెండు ముళ్లు. ఆ ముడి నాదే. మొక్కను పుల్లకు కట్టడానికి కార్ఖానాల వెనక పారేసే వేస్ట్ దారం ఏరుకొస్తాను, పైసా ఖర్చుండదు. కాండం లావైంది. ఆ దారం తెగదు, చీకిపోదు. దిగాల్సిన తిండి అక్కడే ఆగింది. పస్తులున్న వేరు ఒక్క చెంబు నీళ్లకే కుళ్లింది.

"తప్పు నీది గాదు బిడ్డా, ముడి నాది," అన్నాను, ఆ ముగ్గురికీ వినబడేలా.

ముడికి పైన, బెరడు లోపల ఇంకా పచ్చగానే ఉంది. దారం లాగేసి, బుడిపెకు కాస్త కింద కాండాన్ని కోశాను. తిండి నిలిచిన చోటే కొత్త వేర్లు తొందరగా పుడతాయి. రెండు ఆకులుంచి మిగతావి తుంచాను. మొగ్గను కూడా.

"అయ్యో, మొగ్గెందుకవ్వా? అదొక్కటే ఉండె!"

"వేర్లే లేవు, గిన్ని ఆకులకు నీళ్లెవలు మోస్తరు? పువ్వు పని గింజ కట్టుడు, చెట్టును సాకుడు గాదు. ముందుగాల బతకనియ్యి."

"బతకకుంటే?"

"ఇంకోటి ఊకె ఇస్త, పైసలొద్దు," అంటూ ఆ కొమ్మను కొత్త మట్టిలో నాటాను.

"నువ్వు? ఊకె?" లావణ్య నవ్వు ఆపుకోలేకపోయింది.

మరునాడు పొద్దున బండి తీయలేదు. ఇంకా రెండేళ్లు కట్టుకోదగ్గ నూలు చీరను పేలికలుగా చింపి, కత్తెర పట్టుకుని లావణ్య వాళ్ల గల్లీకి వెళ్లాను. మొదటి ఇంట్లో నిమ్మ మొక్క. నా దారం అప్పటికే బెరడులోకి దిగుతోంది. కత్తిరించి, పేలికతో వదులుగా కట్టి, పక్కింటి తలుపు కొట్టాను.