రాముడు పట్టని కారు

మలేసియాలోని సుంగై పెటానిలో, మాట చివర మలాయ్ 'లా' తగిలించే మా తెలుగువాళ్ళకు చిన్న రామమందిరం ఉంది. నవమి నాడు అక్కడి పట్టాభిషేకం పటాన్ని వీధుల్లో ఊరేగించే సేవ పన్నెండేళ్ళు నాది. నాది అంటే నా అమెరికా కారుది. ఎనిమిది సిలిండర్ల ఇంజను, పొడవాటి ముక్కు, వెనక్కి మడిచే గుడ్డ టాపు. టాపు తీసేసి వెనక సీటు మీద పీట వేసి, టేకు చట్రంలోని ఆ పెద్ద పటాన్ని నిలబెడితే సీతారాములు సింహాసనం మీద ఉన్నట్టే ఉండేది. ముందు సీట్లో నేను, పట్టుపంచెతో, స్టీరింగు పట్టుకుని. ఏడాదంతా ఆ పూట కోసమే ఎదురు చూసేవాణ్ణి. మా ఇంట్లో పెళ్ళి ఫోటోల కంటే ఆ ఊరేగింపు ఫోటోలే ఎక్కువ.

పన్నెండో ఏడు ఆ కారే నాకు తలవంపులు తెచ్చింది. ఊరేగింపు మనిషి నడకతో సాగుతుంది. ఎండలో గంటసేపు అలా పాకించేసరికి ఇంజను ఉడికిపోయింది. ముక్కులోంచి ఆవిరి లేచి, నాలుగు రోడ్ల కూడలిలో బండి ఆగింది. మగవాళ్ళు భజన ఆపి వెనక చేరి తోశారు. మా చిన్నమ్మ పక్కనే నడుస్తూ, "ఏటి బాబూ, రాముడి రథానికి గుర్రాలు దొరక్క మావోళ్ళని కట్టినావా?" అంది. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఇంటికొచ్చాక మాత్రం దిగులు పట్టుకుంది. ఈ సేవ వచ్చే ఏడు ఇంకొకరికి ఇచ్చేస్తారేమో. రోజూ పూజలో, స్వామీ, ఇది నా నుంచి తీసేయకు అని అడిగేవాణ్ణి.

జర్మన్ కారు కొన్నది ఆ భయంతోనే. పూర్తిగా ఆ భయంతోనే అంటే రాముడు ఒప్పుకోడు; దాని మీద నా కన్ను పడి చాలా కాలమైంది. ఎంత మెల్లగా నడిపినా వేడెక్కదని అమ్మిన మనిషి హామీ ఇచ్చాడు. పాతది జార్జ్ టౌన్‌లో ఒకాయన దగ్గరికి వెళ్ళిపోయింది. కొత్తదానికి రెండే సీట్లు, ఇనుప టాపు, నేలకు ఆనుకున్నట్టుండే ఎత్తు. వాహన పూజ రోజున పంతులుగారు ముందు మూత మీద కుంకుమ పెట్టి, హారతిచ్చి, కొబ్బరికాయ కొట్టారు.

"ఇంజను వెనకాల ఉందండీ," అన్నాను.

"మరి ఇక్కడేటుంది?"

"సామాన్ల పెట్టె."

"అలాగైతే సామాన్లు సల్లగుంటాయిలే," అన్నారాయన.

పటం పెట్టే చోటు నేను ముందే కొలిచాను. పక్క సీటు నుంచి లోపలి టాపు దాకా టేపు పట్టి చూస్తే చట్రానికి పైన రెండు వేళ్ళ సందు మిగిలింది. సంతోషించాను. తలుపు సందును కొలవాలన్న ఆలోచనే రాలేదు.

నవమి పొద్దున డోలు, సన్నాయి సిద్ధంగా ఉన్నాయి. నలుగురు పటాన్ని ఎత్తి కారు తలుపు దగ్గరికి తెచ్చారు. పట్టలేదు. ముందుకు వంచారు, పక్కకు తిప్పారు. చట్రం పై అంచు టాపుకు తగిలి దండలోని పూలు రాలాయి. ఇంకొంచెం వంచండి, ఇంకొంచెం అంటూ నేను చుట్టూ తిరుగుతున్నాను. మందిరం పెద్దాయన, నేను మావయ్యా అని పిలిచే మనిషి, కాసేపు చూసి అన్నాడు:

"రాముడి కోసం కారు కొన్నావా, కారు కోసం రాముణ్ణి కుదించమంటావా?"

"లేదు మావయ్యా, సీటు వెనక్కి వాల్చి పడుకోబెట్టేస్తే పట్టేస్తాది లా. ఐదు నిమిషాల పని."

చిన్నమ్మ నా చెయ్యి పట్టుకుంది. గొంతు పెంచకుండా, "పడుకోబెట్టి వీధిలో తీసుకెళ్ళేది ఎవుర్ని బాబూ?" అంది.

ఎవరూ నవ్వలేదు. డోలు వాయించే ఆయన కర్ర కిందికి దించాడు. ఆదివారం పూట అదే మందిరంలో పిల్లలకు పురాణాలు చెప్పే నోటితో నేనన్న మాట అది.

అయినా ఊరుకోలేదు. పాత కారు తెప్పిస్తాను, ఫోన్ చేస్తే గంటలో వస్తుంది అన్నాను. "ముహూర్తం గంట ఆగదు," అన్నాడు పెద్దాయన.

అప్పుడు మా వెనక వరసలోంచి, నేను తమ్ముడూ అని పిలిచే ఒక కుర్రాడు ముందుకొచ్చాడు. తండ్రి తెలుగు, తల్లి తమిళం; ఇళ్ళకూ హోటళ్ళకూ గ్యాస్ సిలిండర్లు వేసే పని. "అన్నా, నా లారీ ఉంది లా. సిలిండర్లన్నీ దించేసినాను."

"రాముడికి గ్యాస్ లారీయా?" అన్నారెవరో.

"ఏం, పట్టాభిషేకం నాడు వాళ్ళింట్లో వంట సెయ్యలేదా?" అన్నాడు తమ్ముడు.

ఈసారి పెద్దాయన కూడా నవ్వాడు. ఆడవాళ్ళు లారీని పసుపునీళ్ళతో కడిగారు. చుట్టూ ఉన్న ఇనుప కమ్మీలకు మామిడాకులు కట్టారు. పీట వేసి నిలబెడితే పటం నిటారుగా, హాయిగా నిలిచింది.

ఆ తమ్ముడు తాళం తెచ్చి నా అరచేతిలో పెట్టాడు. "నువ్వే తోలన్నా. ఈ సేవ నీదే కదా."

ఏడాదిగా నేను అడుగుతున్నది అదే. లారీ వైపు చూశాను. క్యాబిన్ ఎత్తుగా, మూసి ఉంది, అద్దాలు నల్లవి. లోపల కూర్చుని తోలేవాడు ఎవరికీ కనపడడు. నాకు మొదట వచ్చిన ఆలోచన అది. స్వామి ఎదుట నిలబడి ఉండగా వచ్చింది. పన్నెండేళ్ళుగా నేను ఎవరిని ఊరేగించానో అప్పుడు తెలిసింది.

తాళం తిరిగి ఇచ్చేశాను. "నీ బండి, నువ్వే తోలు తమ్ముడూ. పటం వెనకాల ఒక మనిషుండాలి కదా. నేనెక్కుతాను."

లారీలో పటం వెనక గొంతుకూర్చుని చట్రాన్ని రెండు చేతులతో పట్టుకున్నాను. వెనక నుంచి రాముడు కనపడడు. చెక్క, తుప్పు పట్టిన మేకులు, పాత సాలెగూడు. గుంతల్లో బండి ఊగినప్పుడల్లా ఆ బరువంతా నా ఛాతీ మీద పడేది. పూలదండకూ కమ్మీకీ మధ్య సందులోంచి రోడ్డు పక్క మనుషులు కనిపించారు. చీనా కొట్టాయన బయటికి వచ్చి నిలబడ్డాడు. ఒక ముసలామె చెప్పులు విప్పింది. ఎవరి చూపూ నా దాకా రాలేదు. అందరి కళ్ళూ పటం దగ్గరే ఆగాయి. స్వామిని చూసేటప్పుడు మా వాళ్ళ ముఖాలు ఎలా ఉంటాయో ఇన్నేళ్ళలో నేను చూడలేదు.

కూడలిలో హారతికి లారీ ఆగింది. చిన్నమ్మ పళ్ళెంతో దగ్గరికి వచ్చి నన్ను చూసింది.

"దండం ఎట్టుకో బాబూ."

"సేతులు ఖాళీ లేవు చిన్నమ్మా."

ఆమె పళ్ళేన్ని ఇంకాస్త పైకెత్తింది. కర్పూరం సెగ చట్రం అంచు దాటి నా ముఖానికి తగిలింది.