చెప్పులు పట్టుకున్న మనిషి ఫొటో

పంట నష్టం నమోదు చేసే ఉద్యోగం మా అన్నయ్యది. వరద తగ్గగానే చేల వెంట తిరిగి, నీళ్ళలో నిలబడ్డ రైతును ఫొటో తీయాలి. తర్వాత రైతుల సభలో ఆ ఫొటోలను గోడకు కట్టిన తెల్లగుడ్డ మీద పెద్దవి చేసి చూపిస్తారు. ఒక్కో ఫొటోకూ అన్నయ్య లేచి, "ఈ పంట ఈయనే వేశాడు, నా కళ్ళతో చూశాను" అని అందరికీ వినబడేలా చెప్పాలి. ఎవరూ కాదనకపోతే పరిహారం మంజూరు. దాపరికం ఉండకూడదని పెట్టిన పద్ధతి. అన్నయ్యకు అదంటే ప్రాణం. గడ్డం గీసుకుంటూ కూడా ఆ వాక్యం గొంతు సవరించుకుని అనేవాడు. "అద్దానికి కూడా పరిహారం ఇప్పించేలా ఉన్నావురా" అని అక్క ఆటపట్టించేది.

వదిన పోయాక అన్నయ్య అక్కావాళ్ళ మేడ మీద గదిలో ఉండేవాడు. దానికి విడిగా మెట్లు లేవు. ఎక్కాలన్నా దిగాలన్నా బావ కూర్చునే ముందుగదిలోంచే.

బావకు పొలం ఉంది గానీ, అందులో కాలు పెట్టింది తక్కువ. సాగంతా కౌలుకు తీసుకున్న ఒకాయనది. విత్తనం, ఎరువు, చాకిరీ ఆయనవే. ఆ ఏడు వరదకు పైరు కుళ్ళిపోయింది. పరిహారం పండించినవాళ్ళకే అని ఉత్తర్వు. ఫొటోకు మాత్రం బావే వచ్చి, ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి నీళ్ళలో దిగాడు. బావ చెప్పులు పట్టుకుని కౌలాయన గట్టు మీద నిలబడ్డాడు.

"కానివ్వవోయ్ బావమరిదీ, జలగలున్నాయేమో!"

"బావా, ఇది పండించినవాళ్ళకి..."

"పొలం ఎవరిది? నువ్వు పడుకునే గది ఎవరిది? ఆయనకి నేనిచ్చుకుంటాలే. నొక్కు."

అన్నయ్య నొక్కాడు.

సభలో అక్కా బావా ముందు వరసలో కూర్చున్నారు. ఫొటో గుడ్డ మీద పడింది. ఫోనులో ఎవరూ గమనించనిది అక్కడ నిలువెత్తున కనబడింది. అంచున కౌలాయన, చేతిలో చెప్పులు.

"ఆయనేమో నీళ్ళలో, చెప్పులేమో గట్టు మీద. ఇంతకీ పంటేసింది చెప్పులా?" అని వెనక నుంచి ఎవరో అన్నారు. అందరూ గొల్లున నవ్వారు.

"అభ్యంతరం ఉందా?" అని అధికారి అడిగాడు. తలలన్నీ కౌలాయన వైపు తిరిగాయి. ఆయన లేచి, "ఏం లేదండీ" అని కూర్చున్నాడు. ఉందంటే వచ్చే పంటకు ఆ చేను ఆయనకు దక్కదు.

అన్నయ్య లేచాడు. ఆ వాక్యం చెబితే కౌలాయన కష్టం బావ జేబులోకి పోతుంది. నిజం చెబితే నిండు సభలో అక్కకు తల కొట్టేసినట్టవుతుంది. అక్క వైపు చూశాడు. ఆమె చేతిసంచి పట్టీని వేలికి చుట్టుకుంటోంది.

"చెప్పవయ్యా" అన్నాడు అధికారి.

అన్నయ్య కూర్చున్నాడు.

సాక్ష్యం లేదని ఆ దరఖాస్తు ఆపేశారు. పరిహారం ఎవరికీ రాలేదు.

కొన్నాళ్ళకు అన్నయ్య ఆఫీసు గుమ్మం దగ్గర కౌలాయన మా ఇద్దరినీ ఆపాడు. "ఆ మాటేదో అనేయాల్సిందయ్యా. సగమిస్తానన్నారు మీ బావగారు. ఇప్పుడు చేను కూడా వేరేవాళ్ళకిచ్చేశారు."

"నిజం చెప్పుంటే?" అన్నాడు అన్నయ్య.

"అప్పుడూ చేను పోయేది. డబ్బులైనా వచ్చేవి. మీరు ఏదీ చెప్పలేదు."

ఆ గొంతులో కోపం లేదు. ఉంటే అన్నయ్య తట్టుకునేవాడు.

బావ ఇంట్లోంచి పొమ్మనలేదు. "ఏం మునీశ్వరా, మౌనం వీడారా?" అని ముందుగదిలో రోజూ అదే పలకరింపు. బావ బయటికెళ్ళిన చప్పుడు వింటే గానీ అన్నయ్య మెట్లు దిగేవాడు కాదు.

"వేరే గది చూసుకోరాదూ?" అన్నాను.

"నేను పోతే ఆ దెప్పుళ్ళన్నీ అక్క మీద పడతాయిరా."

సభల్లో మిగతా వాళ్ళందరికీ ఆ వాక్యం చెబుతూనే ఉన్నాడు. అద్దం ముందు మాత్రం మానేశాడు.

మొన్నటి వానల్లో ఆ గదిలోనే కన్నుమూశాడు. కిందికి దించాలంటే మెట్లు ఇరుకు. కాళ్ళ వైపు పట్టుకోవడానికి ఒక మనిషి తక్కువైతే, కబురు విని వచ్చి బయటే నిలబడ్డ కౌలాయన చెప్పులు విడిచి లోపలికొచ్చాడు. మేము కిందికి దిగేసరికి బావ ముందుగదిలోనే ఉన్నాడు. నా అడుగు ఆగింది. బావ లేచి కుర్చీ పక్కకు జరిపాడు.

"రండయ్యా, మెల్లగా" అన్నాడు కౌలాయన. "దారుంది."