కోవూరు బావిలో తాబేలు

ఇళ్ళ బ్రోకరును కట్టుకున్న ఆడది కుక్కకాట్లకు కట్టు కట్టడం నేర్చుకోక తప్పదు. మా ఆయన తిమోతి నెల్లూరులోనూ, పెన్నకు అవతల కోవూరులోనూ పదేళ్ళు ఇళ్ళు చూపించాడు. అమ్మేవాళ్ళు ఎన్ని గదులో చెప్పేవారే గాని, లోపల ఏం పెంచుతున్నారో చెప్పేవారు కాదు. ఒక ఇంట్లో బాతులు పంచె పట్టుకుని లాగాయి. ఇంకో ఇంట్లో చిలక, కొనవచ్చినవాళ్ళ ముందే, "వానొస్తే కారతాది" అని కొంప గుట్టు చెప్పేసింది. ఇంటావిడ రోజూ మొగుడి మీద వేసే కేక అది. మా ఆయన అన్నం ముందు కూర్చుని ఇవన్నీ చెబుతుంటే నవ్వి నవ్వి నాకు పొలమారేది. ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ బెంగగా ఉంటుంది.

పందొమ్మిది వందల అరవై రెండులో ఆదిశేషమ్మగారు కోవూరులో తన పెంకుటిల్లు అమ్మకానికి పెట్టారు. భర్త పోయాక దొరవారిసత్రంలో చెల్లెలి దగ్గర ఉందామని ఆమె ఉద్దేశం. అడిగింది ఒక్కటే. బావిలో ఒక తాబేలు ఉంది. చనిపోయిన కూతురు చిన్నప్పుడు తెచ్చి వేసింది. దాన్ని అక్కడే ఉండనిచ్చేవాళ్ళకే ఇల్లు ఇవ్వాలి. మా ఆయన సరేనన్నాడు.

అని ఊరుకున్నాడా? ఇంట్లో తాబేలు ఉంటే అరిష్టమని రైతులు అనుకుంటారని ఎక్కడో విన్నాడు. మేం క్రైస్తవులం, ఆ పట్టింపులు మాకు తెలియవు. తెలియనప్పుడు ఎవరినైనా అడగాలి గదా. ఆదిశేషమ్మగారు చెల్లెలి ఊరికి పోయి ఉన్న రెండు రోజుల్లో, తాళం తన దగ్గరే ఉంది కాబట్టి, గంప దించి తాబేలును పైకి తీశాడు. తెచ్చి నా గుడ్డలు నానబెట్టే తొట్టిలో వేశాడు. ఇల్లు అమ్ముడయ్యాక మళ్ళీ బావిలో వదిలేస్తాడట.

"ఆమెకు చెప్పినావా?" అన్నాను.

"చెప్తే ఒప్పుకోదు గదా."

నాకు ఒళ్ళు మండింది. ఇల్లు చూపించే రోజు, దాన్ని తిరిగి బావిలో వదులుతాడని ఆయన్ని నమ్మక, తాబేలును గోనెసంచిలో వేసుకుని నేనూ జట్కా ఎక్కాను.

కొనవచ్చిన చిట్టమూరు రైతు పద్మనాభయ్యగారు గదుల వంకైనా చూడలేదు. నేరుగా బావి దగ్గరికి పోయి గుప్పెడు బొరుగులు చల్లి నిలబడ్డారు. నీళ్ళు కదల్లేదు.

"తాబేలు లేదా? పురుగూ పుట్రా తినేదానికి అదన్నా లేకపోతే ఈ నీళ్ళు ఎట్టా తాగేది?" అన్నారు.

ఆ ఉదయమే ఊరి నుంచి వచ్చిన ఆదిశేషమ్మగారు గబగబా వచ్చి బావిలోకి వంగారు.

"ఉండాదే. పిలిస్తే వస్తాదే," అని, "రామ్మా, రా" అంటూ పిలవసాగారు. పిలిచి పిలిచి గట్టు మీద కూలబడ్డారు. "ఇదీ పోయిందా? మా పాపది ఇదొక్కటే మిగిలింది."

ఆ మాట విన్నాక మా ఆయన ఉండబట్టలేకపోయాడు. "నేనే తీసినాను తల్లీ. కొనేవాళ్ళు వద్దంటారేమోనని. తప్పు నాదే" అన్నాడు.

నేను జట్కాలోంచి సంచి తెచ్చి ఆమె ఒళ్ళో పెట్టాను. ఆమె తిడితే బాగుండేది, తిట్టలేదు. తాబేలు వీపును కొంగుతో తుడిచి, గంపలో పెట్టి, తాడు తనే దించారు.

పద్మనాభయ్యగారు అక్కడే ఇల్లు ఖాయం చేసుకున్నారు. "దాని జోలికి ఎవర్నీ పోనీను. ఎప్పుడు చూడాలనిపించినా వచ్చి చూసుకోని పో అక్కా" అన్నారు.

ఆదిశేషమ్మగారు బావికి వీపు తిప్పి నిలబడి ఉన్నారు.

"రానులే అబ్బయ్యా. వస్తే మళ్ళీ పోలేను."